ట్యాంకులో నీళ్లు – నష్టం మన ఒక్కరిదేనా?

వానలు మొదలైతే చాలు, మన ఊళ్లలో మెకానిక్ షెడ్ల ముందు బండ్లు బారులు తీరతాయి. బంకులో పెట్రోలు పోయించుకుని రెండు కిలోమీటర్లు వచ్చేసరికి బండి గుంజుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఎంత కిక్కు కొట్టినా ఇంజను పలకదు. మెకానిక్ పైపు ఊడదీసి పెట్రోలును సీసాలోకి పట్టి చూపిస్తే అడుగున నీళ్లు. మెకానిక్ కూలి, పారబోసిన పెట్రోలు, మళ్లీ పోయించిన పెట్రోలు, పోయిన పూట పని, ఇవన్నీ రైతు ఖాతాలోనే పడుతున్నాయి. ఆ నీళ్లు ఎక్కడివని అడిగేవాళ్లు లేరు కనుక జవాబు చెప్పేవాళ్లూ లేరు.

ఇది బండి గొడవ, సంఘానికేం పని అని కొందరు అనవచ్చు. మనకు బండి షికారుకు కాదు. యూరియా బస్తా, విత్తనాల సంచి, పాల క్యాను, కూలీలకు సద్ది, అన్నీ దాని మీదే పొలానికి చేరతాయి. అదే బంకు నుంచి క్యానులో తెచ్చిన పెట్రోలునే తైవాన్ స్ప్రేయర్లోనూ, కలుపు తీసే యంత్రంలోనూ పోస్తాం. మందు కొట్టాల్సిన పొద్దున స్ప్రేయర్ మొరాయిస్తే పురుగు మన కోసం ఆగదు. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుకు డబ్బులిచ్చి నీళ్లు కొనుక్కోవడం సేద్యం ఖర్చులో భాగం కాకూడదు.

ముందు విషయం అర్థం చేసుకుందాం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. అందుకే నీళ్లు ట్యాంకు అడుగుకు చేరతాయి. పాత బండ్లలో మామూలుగా బాగానే నడిచి, రిజర్వుకు తిప్పగానే ఆగిపోయేది ఇందుకే. రిజర్వు గొట్టం అడుగు నుంచి తీసుకుంటుంది.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 నాటికి పది శాతానికి, 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమ అయితే కలిసిపోయి ఇంజనులో కాలిపోతుంది. హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరగా నిలుస్తాయి. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో లీటరుకు దాదాపు ఒక చెంచాడు నీళ్లే ఆ హద్దు. అంటే బంకు భూగర్భ ట్యాంకులోకి వాన నీళ్లు దిగితే, ఒకప్పుడు నీళ్లు మాత్రమే అడుగున ఉండేవి, ఇప్పుడు ఇథనాల్‌ను కూడా వెంట లాక్కుని పొర ఇంకా మందమవుతుంది.

ఇక్కడే మనం జాగ్రత్తగా మాట్లాడాలి. బండి ఆగిందని అడిగితే "అది ఇథనాల్, మేమేం చేస్తాం" అని కొన్నిచోట్ల చేతులు దులుపుకుంటున్నారు. ఆ ఇథనాల్ మన చెరకు మడ్డి నుంచి, మన మొక్కజొన్న నుంచి, మన నూకల నుంచి వచ్చిందే. ఇథనాల్ నీళ్లను పుట్టించదు. బయటి నుంచి వచ్చిన నీళ్లను పట్టుకుంటుంది, అంతే. ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మేవాళ్లు తమ ట్యాంకుల్లోకి నీటి చుక్క దిగకుండా మునుపటికంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. అది సాకు కాదు, బాధ్యత.

మన వైపు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. ట్యాంకు మూత కింద రబ్బరు వాషరు ఎండి పగిలితే వాన నీళ్లు దిగుతాయి. మూత చుట్టూ నిలిచే నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం, దాని కింద సన్న పైపు ఉంటాయి. అది మట్టితో పూడుకుపోతే ఆ నీళ్లు లోపలికే దారి చూసుకుంటాయి. మోటారు పెట్టి జోరుగా బండి కడిగేటప్పుడు మూత మీద కొట్టవద్దు. వాడకం లేని స్ప్రేయర్లలో, క్యాన్లలో నెలల తరబడి సగం సగం పెట్రోలు ఉంచవద్దు. ఖాళీ ఉన్నచోట చలిరాత్రుల్లో తేమ చెమర్చి నీరవుతుంది.

బండి ఆగితే ఏం చేయాలి? కార్బొరేటర్ ఉన్న పాత బండి అయితే ఇంజను చల్లారనిచ్చి, కాక్ కట్టేసి, కార్బొరేటర్ కింది గిన్నెకున్న స్క్రూ వదులు చేసి అందులోది తీసేయాలి. తర్వాత పైపు ఊడదీసి, కాక్ రిజర్వుకు తిప్పి, ట్యాంకులోది పారదర్శకమైన సీసాలోకి పట్టాలి. కాసేపు కదపకుండా ఉంచితే కింద పొర తేలుతుంది. ఆరుబయట, బీడీ, పొయ్యి, కరెంటు నిప్పురవ్వలకు దూరంగా ఈ పని చేయాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటర్ లేదు. పెట్రోలు పంపు, ఇంజెక్టర్ ఉంటాయి. వీటిలో సెల్ఫ్ పదే పదే కొడితే నీళ్లు ఇంజెక్టర్ దాకా పోయి ఖర్చు పెరుగుతుంది. కొట్టడం ఆపి మెకానిక్‌తో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించాలి. విడిపోయిన పెట్రోలు పై భాగం శుభ్రంగా కనిపించినా ఇథనాల్ పోయి బలం తగ్గి ఉంటుంది, తిరిగి పోయవద్దు. తీసిన దాన్ని కాలువలోనో బావి దగ్గరో పారబోయవద్దు.

వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు, మున్నేరు పొంగినప్పుడు వేల బండ్లు నీట మునిగాయి. అలాంటి బండిని స్టార్ట్ చేసి చూడవద్దు. ట్యాంకుతో పాటు ఇంజను ఆయిలూ మార్చాకే ముట్టుకోవాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే ఈ నష్టానికి పైసా రాదని గుర్తుంచుకోవాలి.

ఇక బంకు దగ్గర. నీళ్లు తగిలితే రంగు మారే పేస్టును కొలబద్దకు రాసి ట్యాంకులో ముంచి రోజూ చూడడం బంకు వాళ్ల విధి. ఇథనాల్ పెట్రోలుకు దానికి తగిన పేస్టే వాడాలి, మామూలు పేస్టు ఆ పొరను పట్టుకోలేకపోవచ్చు. మనకు అనుమానం వస్తే సాంద్రత చూపించమని, ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమని అడగవచ్చు. చేసి చూపించాలి. అయితే ఫిల్టర్ పేపర్ కిరోసిన్, డీజిల్ కల్తీని పట్టిస్తుంది గానీ నీళ్లను కాదు. నీళ్ల కోసం అదే నాజిల్ నుంచి గాజు పాత్రలోకి పట్టించి నిలకడగా ఉంచి చూడాలి.

పెట్రోలు పోయించిన ప్రతిసారీ బిల్లు తీసుకుందాం. బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలబడడం కష్టం. నష్టం జరిగితే మెకానిక్ రాసిచ్చిన కాగితం, సీసాలో నీళ్ల పొర ఫొటో, బిల్లు జతచేసి బంకులోని ఫిర్యాదు పుస్తకంలో రాయాలి. అక్కడ బోర్డు మీదున్న కంపెనీ అధికారికీ, పౌరసరఫరాల శాఖకూ తెలపాలి. 1915 వినియోగదారుల సహాయ నంబరు. నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు.

ఒక్క రైతు పోతే "నీ బండిలోనే నీళ్లున్నాయి" అంటారు. ఒకే పొద్దున, ఒకే బంకులో పోయించిన నలుగురి బండ్లు ఆగితే ఆ మాట అనలేరు. కనుక గ్రామ కమిటీలు వానాకాలం పొడవునా ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఏ తేదీ, ఏ బంకు, ఎంత పెట్రోలు, ఏ బండి, ఎంత ఖర్చు అనేది రాయాలి. ఒకే బంకు పేరు మళ్లీ మళ్లీ వస్తే అందరం కలిసి పోదాం.

మన డిమాండ్లు మూడే. భారీ వాన పడ్డ ప్రతిసారీ బంకు ట్యాంకులను పరీక్షించాకే అమ్మకం మొదలుపెట్టాలి. ఆ రోజు నీటి పరీక్ష ఫలితం జనానికి కనిపించేలా బోర్డు మీద రాయాలి. నీళ్లు ఉన్నాయని తేలితే పెట్రోలు డబ్బుతో పాటు మరమ్మతు ఖర్చు, పోయిన పని కూలి కూడా అక్కడికక్కడే చెల్లించాలి. ధాన్యంలో తేమ ఒక్క శాతం ఎక్కువైతే మన ధర కోస్తున్నారు కదా. మనకు అమ్మే పెట్రోలులో తేమకు కూడా అదే లెక్క కట్టమని అడుగుదాం.