మెడలో ట్యాగు, జేబులో చాకు

ముందే చెప్పేస్తున్నా. నేను చాకులకి వ్యతిరేకిని కాను. నా దగ్గరే నాలుగున్నాయి. పార్శిల్ డబ్బా విప్పటానికి ఒకటి, మామిడికాయ కొయ్యటానికి ఒకటి, ఊరికే చూసుకుని మురవటానికి రెండు. కాబట్టి "వీడికేం తెలుసు" అని మొదటి పేరాలోనే మూసెయ్యకండి.

ఆన్‌సైట్ నుంచి వచ్చినవాడి బ్యాగులో ఒకప్పుడు చాక్లెట్లుండేవి. ఇప్పుడు ప్యాంటు జేబుకి ఒక స్టీలు క్లిప్పు కనిపిస్తోంది. మీటింగు మధ్యలో బయటకి తీస్తాడు, వేలితో ఇలా అంటాడు, 'ఠక్' మని బ్లేడు తెరుచుకుంటుంది. "అసిస్టెడ్ ఓపెనింగ్ బాసూ, బటన్ కత్తి కాదు, లీగల్" అంటాడు. ఎక్కడ లీగలో అడిగితే అమెరికా సంగతి చెబుతాడు. మనం కూర్చున్నది హైదరాబాదులో.

నేనూ ఆ బాపతే. నా కళ్ళు తెరిపించింది మా తమ్ముడు. చిన్నమ్మ కొడుకు, ఎలక్ట్రీషియన్ దగ్గర పని చేస్తాడు. మేముండేది బాలాపూర్‌లో. బాలాపూర్ అంటే బయటవాళ్ళకి లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షలు దాటి, 2025లో 35 లక్షలకి చేరిన లడ్డూ. నిమజ్జనం నాడు మా ఊరి వినాయకుడు బయల్దేరితే చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్ దాకా వెళ్తాడు. ఆ రెండు మూడు రోజులు దారి పొడుగునా పోలీసులే. అది తప్పనను, ఉండాల్సిందే.

2024 నిమజ్జనానికి ముందు రోజు రాత్రి. మా గల్లీ మండపం దగ్గర తమ్ముడు బండికి సీరియల్ లైట్లు కడుతున్నాడు. "అన్నా, నీ చాకియ్యే, వైరు చెక్కాలె" అన్నాడు. ఇచ్చా. పని అయ్యాక అలవాటుగా జేబులో వేసుకుని, జనరేటర్ కోసం స్నేహితుడి బైకెక్కి పోయాడు. దారిలో ఒక చోట తనిఖీ. జేబులో చాకు. "ఇదేందిరా" అంటే, వాడు అమాయకంగా 'ఠక్' మనిపించి చూపించాడట! ఇంకేముంది, బటన్ కత్తి అన్నారు, కూర్చోబెట్టారు.

నాకు ఫోనొచ్చేసరికి పదిన్నర. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చా, మెడలో ఆఫీసు ట్యాగు కూడా తియ్యలేదు. అలాగే వెళ్ళా. అక్కడున్న ఆయన ట్యాగు వైపు చూశాడు. "ఎక్కడ పనిచేస్తరు సార్?" అన్నాడు. చెప్పా. చాకు నాదేనని, అమెరికాలో కొన్నానని కూడా చెప్పా. "గిట్లాంటివి బయట తిప్పకండి సార్, ఇంట్ల పెట్టుకోండి" అని నా చాకు నా చేతికే ఇచ్చి పంపించాడు. వెనక తమ్ముడు తలొంచుకుని నడుస్తున్నాడు.

బయటకొచ్చాక చెప్పాడు. వాడి ఫొటో తీసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. తండ్రి పేరు, ఊరు, ఇంతకుముందు కేసులున్నాయా, అన్నీ రాసుకున్నారు. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు, మంచినీళ్ళు తాగుతారా అని అడిగారు. చాకు ఎవరిది? నాది. ఫొటో ఎవరిది? వాడిది.

ఈ గొడవంతా అందుకే రాస్తున్నా. మన జేబులో చాకుకి లైసెన్సు ఇస్తున్నది చట్టం కాదు, మెడలో ఉన్న ట్యాగు. అది మనకి తెలిసీ తెలియనట్టు నటిస్తున్నాం.

ఇహ చట్టం సంగతి చూద్దాం. మనవాళ్ళు దగ్గరగా చదవకుండా గట్టిగా చెప్పేది ఇక్కడే.

"తొమ్మిది అంగుళాల లోపు అయితే పర్లేదు" అని ఒక మంత్రం అందరి నోటా ఉంది. అది ఎక్కడిది? 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాల షెడ్యూలులో ఐదో కేటగిరీ ఉంది. కత్తులు, బాకులు, బల్లేలతో పాటు తొమ్మిది అంగుళాల కంటే పొడుగో, రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడు ఆయుధాలు అందులోకి వస్తాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమలకీ, శాస్త్ర ప్రయోగాలకీ చేసినవి రావు. ఇంతవరకే చదివి మనవాడు స్కేలు తీసుకుని కొలుచుకుంటాడు. మూడంగుళాలే కదా, సేఫ్ అనుకుంటాడు.

కానీ అదే చట్టంలో నాలుగో సెక్షనుంది. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధాలకి లైసెన్సు ఉండాల్సిందే అని నోటిఫికేషన్ ఇచ్చే అధికారం అది. ఢిల్లీకి 1980 అక్టోబరు 29న అలాంటిదొకటి వచ్చింది. స్ప్రింగుతో పనిచేసేవి, బటన్‌వి, గరారీవి, ఇంకే యంత్రాంగంతోనైనా తెరుచుకునేవి, మూసుకునేవి, బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడుగూ 1.72 సెంటీమీటర్ల వెడల్పూ ఆపైన ఉంటే దాని పరిధిలోకి వస్తాయి. 7.62 సెంటీమీటర్లంటే ఎంత? సరిగ్గా మూడంగుళాలు! మన అసిస్టెడ్ చాకుల్లో చాలావాటి సైజు అక్కడికక్కడే. "ఇంకే యంత్రాంగంతోనైనా" అన్న మాట ముందు మీ 'బటన్ కాదు బాసూ' వాదన ఎంతసేపు నిలబడుతుంది? సికిందరాబాదులో రైలెక్కినప్పుడు జేబులో ఉన్నది పనిముట్టు. నిజాముద్దీన్‌లో దిగేసరికి అదే వస్తువు, అదే జేబు, కానీ లెక్క వేరు. అలాంటి నోటిఫికేషన్ ఉన్నచోట ఉల్లంఘనకి శిక్ష కనీసం ఏడాది, మూడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా.

మూడోది పండగలప్పుడు వచ్చే ఉత్తర్వులు. హైదరాబాదులో నిజాం కాలం నాటి సిటీ పోలీసు చట్టం, 1348 ఫస్లీది, ఇరవై రెండో సెక్షను కింద కమిషనర్లు ఆయుధాలు పట్టుకు తిరగరాదని ఆదేశాలిస్తుంటారు. మిగతాచోట్ల ఒకప్పటి 144 సెక్షను, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163. అవి అమల్లో ఉన్నప్పుడు మీ స్కేలు తీసి కొలతలు చూపిస్తే ఎవడు వింటాడు? మీ చేతిలో ఉన్నది ఆయుధమా, పనిముట్టా అన్నదొక్కటే ప్రశ్న. అది రాత్రి పదింటికి రోడ్డు మీద తేల్చేది మీరు కాదు.

"ఆత్మరక్షణకి పెట్టుకున్నా" అంటారా? దయచేసి ఆ మాట ఎక్కడా అనకండి. ఆయుధం అంటే ఏమిటో చట్టంలో రాసిన నిర్వచనంలోనే దాడికి గానీ రక్షణకి గానీ ఉద్దేశించినవి అని ఉంది. రక్షణ కూడా! ఆ ఒక్క మాటతో మీ మామిడికాయల చాకుని మీ నోటితో మీరే ఆయుధం చేసేశారు. పైగా డబ్బా మీద 'టాక్టికల్' అని అచ్చేసి ఉంటుంది. ఇంటిపనికి, సేద్యానికి మాత్రమే చేసినవాటికి చట్టం మినహాయింపు ఇస్తుంటే, కంపెనీవాడు ఇది సైనికుల వస్తువు అని అట్ట మీద రాసి మరీ అమ్ముతున్నాడు, మనం అందుకే ఎక్కువ డబ్బులిచ్చి మరీ కొంటున్నాం.

"ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా" అంటారు ఇంకొందరు. అమ్మకం వేరు, జేబులో పెట్టుకు తిరగటం వేరు. టపాకాయలు కూడా అమ్ముతారు, రైల్లో తీసుకెళ్ళండి చూద్దాం.

అసలీ 'బటన్ కాదు' అనే తేడా ఏమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తేడా నిజంగానే ఉంది. బటన్ కత్తిలో స్ప్రింగు ఎప్పుడూ బ్లేడుని బయటకే నెడుతుంటుంది, ఒక కొక్కెం ఆపి ఉంచుతుంది. బటన్ నొక్కితే కొక్కెం తప్పుకుంటుంది. అసిస్టెడ్ చాకులో మూసి ఉన్నంతసేపూ స్ప్రింగు బ్లేడుని లోపలికే పట్టి ఉంచుతుంది. మీరు వేలితో కొంత నెట్టాక అదే స్ప్రింగు పార్టీ మార్చి బయటకి నెడుతుంది. కెన్ ఆనియన్ అనే డిజైనర్ కెర్షా చాకులకి తెచ్చిన స్పీడ్‌సేఫ్ ఇలాంటిదే.

ఈ సన్నని తేడా మీదే అమెరికాలో పెద్ద రభస జరిగింది. బటన్ కత్తుల మీద అక్కడ 1958 నాటి ఫెడరల్ చట్టముంది. 2009లో కస్టమ్స్‌వాళ్ళు అసిస్టెడ్ చాకుల్ని కూడా అందులో కలపబోయారు. చాకుల కంపెనీలు, కొనేవాళ్ళు గోల చేస్తే, ఆ ఏడాదే కాంగ్రెస్ చట్టంలో స్పష్టంగా మినహాయింపు రాసింది. మూసి ఉండేలా స్ప్రింగు పట్టి ఉంచి, చేత్తో బ్లేడు మీద బలం పెడితేనే తెరుచుకునేవి బటన్ కత్తులు కావు అని. టెక్సాస్ అయితే 2013లో బటన్ కత్తులకే తలుపులు తెరిచేసింది. డల్లాస్‌లో ఉన్న మనవాడి ధీమా అక్కణ్ణుంచి వచ్చిందే. మరి అదే చాకు పట్టుకుని లండన్ వెళ్ళమనండి. బ్రిటన్ 2019 చట్టంలో ఫ్లిక్ నైఫ్ నిర్వచనాన్ని మార్చి, సగం తెరిచాక స్ప్రింగుతో పూర్తిగా తెరుచుకునేవాటిని కూడా చేర్చింది. 2021 జూలై 14 నుంచి ఇంట్లో బీరువాలో ఉంచుకున్నా నేరమే.

అంటే ఏమిటి? ఒకే వస్తువు. ఒక దేశం చదివి, వాదించి, ఇది ఒప్పని రాసుకుంది. ఇంకో దేశం చదివి, ఇది తప్పని రాసుకుంది. రెండూ ఏదో ఒకటి రాశాయి. మన దగ్గర 'స్ప్రింగు', 'బటన్' అన్న మాటలు తప్ప ఈ రకం గురించి విడమరిచి చెప్పింది లేదు. ఆ ఖాళీని ఎదురుగా నిలబడ్డ పోలీసాయన పూరిస్తాడు, మన మొహం చూసి, చెప్పులు చూసి, భాష చూసి. రిక్వైర్‌మెంట్ సరిగ్గా రాయకపోతే కోడ్ రాసేవాడు తనకి తోచింది రాసినట్టు. మనకంటే బాగా ఎవరికి తెలుసు ఆ సంగతి?

వారంటీ గురించి కూడా కాసేపు. ఈ చాకుల మీద చాలా కంపెనీలు 'జీవితకాలం వారంటీ' అంటాయి. పోయినేడు నా చాకులో స్ప్రింగు విరిగింది. ఏ కంపెనీదో చెప్పను, తిట్టటం నా ఉద్దేశం కాదు. మెయిలు పెడితే మర్యాదగా జవాబిచ్చారు, పంపించండి, ఉచితంగా బాగుచేస్తాం అని. ఎక్కడికి? అమెరికాకి. ఎవరి ఖర్చుతో? నా ఖర్చుతో. కొరియర్ కౌంటర్‌లో "లోపలేముంది సార్" అన్నాడు, చాకు అన్నా, డబ్బా నావైపే తోసేశాడు. సెలవుకొచ్చి తిరిగెళ్తున్న స్నేహితుణ్ణి చెకిన్ లగేజీలో పెట్టుకోమన్నా. "నీ కత్తి నా పెట్టెలో ఎందుకురా, హెచ్‌వన్ స్టాంపింగ్ ఉంది నాకు" అన్నాడు. వాడన్నది న్యాయమే. స్వయంగా విప్పి చూద్దామంటే, విప్పి పాడుచేస్తే వారంటీ వర్తించదని కాగితంలో ఉంది. వస్తువు బాలాపూర్‌లో, వారంటీ సముద్రం అవతల. జీవితకాలమే, కాకపోతే ఎవరి జీవితమో రాయలేదు.

కానీ స్ప్రింగు విరిగాక ఒకటి కనిపెట్టా. చాకు ఇంతకుముందు కోసినవన్నీ ఇప్పటికీ కోస్తోంది. వైరు, అట్టపెట్టె, జామకాయ. స్ప్రింగు పట్టు పోయింది కాబట్టి జేబులో దానంతటదే తెరుచుకునే ప్రమాదముంది, అందుకని వంటింటి సొరుగులో పడేశా. అక్కడ అది ఎవరినీ భయపెట్టదు. మొద్దుబారితే సానపట్టే అతను సైకిలు మీద వస్తాడు, మా గుమ్మం ముందే చక్రం తిప్పుతాడు. అంటే ఆ స్ప్రింగుకి నేను పెట్టిన డబ్బంతా కొయ్యటానికి కాదు, 'ఠక్' అన్న చప్పుడుకి. ఆ చప్పుడే మా తమ్ముణ్ణి మూడు గంటలు కూర్చోబెట్టింది.

మా వైపు గీత పనివాళ్ళు నడుముకి కత్తి కట్టుకుని తాటిచెట్లెక్కుతారు. బొండాలు కొట్టేవాడి కత్తి మన చాకుకి తాత. వాటిని ఎవరూ ఆయుధాలనరు, అనకూడదు కూడా, పని కళ్ళ ముందు కనబడుతుంది కాబట్టి. మన చాకుకి చూపించటానికి పనేముంది? క్యూబికల్‌లో ఏం కోస్తున్నాం బాసూ, గడ్డా?

నా వాదన రెండు ముక్కలు. ఒకటి ప్రభుత్వానికి. ఏ యంత్రాంగం, ఎంత బ్లేడు, ఎక్కడ, ఎప్పుడు కూడదో తెలుగులో, ఉర్దూలో ఒక్క పేజీ రాసి పోలీసు స్టేషన్ల ముందు అంటించండి. ట్యాగున్నవాడికీ లేనివాడికీ అదే పేజీ చూపించండి. నన్ను వదిలెయ్యటం తప్పయితే నా ఫొటో కూడా తియ్యాల్సింది. తప్పు కాకపోతే వాడిది కూడా తియ్యకూడదు.

రెండోది మనకి. స్ప్రింగు చాకులు ఇంట్లో పెట్టండి. బయట పనికి కావాలంటే స్ప్రింగుతో తెరుచుకోని, లాకు లేని చిన్న మడత చాకు చాలు. స్విస్ విక్టోరినాక్స్‌లాంటివి ఇక్కడే దొరుకుతాయి, తయారీ లోపాలకి వాటికీ జీవితకాలం హామీ ఉంది. పండగ రోజుల్లో అది కూడా వద్దు. అన్నిటికంటే ముఖ్యం, మీ డ్రైవరుకో, తమ్ముడికో, ఆఫీసు బాయ్‌కో మీ చాకు అరువివ్వకండి. మీ చేతిలో ఉన్నంతసేపే అది గాడ్జెట్. వాళ్ళ చేతిలోకి వెళ్ళిన క్షణం నుంచీ కత్తి. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న చూసి మనం గుండె పట్టుకుంటాం. వాడికి వీసా అక్కర్లేదు, కానీ రేపెక్కడైనా సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికి వెళ్తే పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది.

2025 నిమజ్జనానికి తమ్ముడు మళ్ళీ బండికి లైట్లు కట్టాడు. వైరు పళ్ళతో చెక్కుతున్నాడు. "చాకు తేనా?" అన్నా. "వద్దన్నా" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.