వినోదవనముల ద్వారములు

వినోదవనములు పిల్లల పాలిటి స్వర్గములు. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి వ్యాపించినపుడు పెక్కు దేశములలో వాని ద్వారములు మూయబడినవి. వానిని మరల తెఱచిన విధము మన సోదరీమణు లెఱుగదగినది.

షాంఘై నగరమందలి డిస్నీ వనము జనవరి 25వ తేదీన మూయబడి, మే 11వ తేదీన తెఱవబడెను. దినమునకు 80,000 మంది పట్టు నా వనమునకు మొదట మూడవవంతు కంటెను తక్కువమందినే రానిచ్చిరి. ముందుగా టిక్కెట్టు కొనినవారిని, జ్వరము లేదని పరీక్షించి, ముక్కును నోటిని కప్పుకొనుమని చెప్పి లోనికి పంపిరి. జపాను దేశమున ఎత్తుపల్లములపై పరుగిడు బండ్ల నెక్కినవారు కేకలు వేయరాదనిరి. వినుటకు నవ్వు వచ్చును గాని, కేకతో నోటితుంపురులు వెలువడునుగదా!

హాంకాంగునందలి వనమును జూన్ 18వ తేదీన తెఱచిరి. వ్యాధి మరల ప్రబలగా నెల తిరుగకమునుపే జూలై 15వ తేదీన మూసిరి. ఇది అపజయమని మేము తలంపము. మూయుటకు సిద్ధముగా నున్నవారికే తెఱచు నధికారము కలదు.

ఆ మహమ్మారి యుధృతి తగ్గినది. తట్టు, ఆటలమ్మ మొదలగు నంటువ్యాధులు నేటికిని కలవు. కావున తల్లులకును ఇదియే ధర్మము. నెలదినములు ఎదురుచూచిన బిడ్డకు ప్రయాణమునాటి యుదయమున ఒడలు వెచ్చబడినచో, టిక్కెట్టు సొమ్మునకు చింతింపక ఇంటనే నిలుపవలయును. బిడ్డ యేడ్చును, ఆ యేడ్పు సాయంకాలమునకు తీరును. వెంటగొనిపోయినచో, వరుసలో ముందు నిలిచిన పరులబిడ్డకును, ఆ బిడ్డ యింటనున్న ముసలి యవ్వకును కలుగు కీడు అట్లు తీరునది కాదు.