రాజ్యాంగమును, పర్యావరణమును ఒక్కచోట బోధింపుడు
విశ్వవిద్యాలయముల పాఠ్యనిర్ణయ సంఘములకును, అధ్యాపకులకును, విద్యార్థులకును విజ్ఞప్తి

మన కళాశాలలలో రాజనీతిశాస్త్రము చదువు విద్యార్థి ఒక పత్రమున ప్లేటో మొదలుకొని గాంధీ వరకు గల తత్త్వములను నేర్చుచున్నాడు, మరియొక పత్రమున ప్రాథమిక హక్కులను, ఆదేశిక సూత్రములను అధికరణముల సంఖ్యలతో సహా వల్లించుచున్నాడు, 1991లో ఎం.సి. మెహతా కేసున సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముల ఫలముగా వచ్చిన పర్యావరణ విద్యయను వేరొక పత్రమున ఓజోను పొరను గూర్చి నాలుగు సమాధానములు వ్రాసి ఉత్తీర్ణుడగుచున్నాడు. ఈ మూడింటికిని గల సంబంధమును అతనికి చెప్పువారు అరుదు. తన ఊరి చెరువులోనికి కర్మాగారపు మురుగు వచ్చి చేరిననాడు ఎవరిని, ఏ చట్టము ననుసరించి ప్రశ్నింపవలెనో పట్టభద్రుడైన పిమ్మటను అతడెరుగడు. కావున పర్యావరణ రాజకీయమును, రాజ్యాంగ న్యాయమును కలిపి ఒక ప్రధాన పత్రముగా రెండు తెలుగు రాష్ట్రముల రాజనీతిశాస్త్ర శాఖలయందును నెలకొల్పవలెనని మా ప్రార్థన.

ఇట్టి చదువునకు పరదేశపు ఉదాహరణములు వెదుకనక్కరలేదు. విశాఖ మన్యమున, అనంతగిరి మండలములో, బొర్రా గుహల పరిసర గ్రామములయందు కాల్సైటు మున్నగు ఖనిజములు త్రవ్వుకొనుటకు ప్రభుత్వము ప్రైవేటు వారికి లీజులిచ్చెను. సమత యను స్వచ్ఛంద సంస్థ హైకోర్టున ఓడి సుప్రీంకోర్టు నాశ్రయించెను. షెడ్యూల్డు ప్రాంతములలో భూమి గిరిజనేతరుల పాలు కారాదని 1959లో ఏర్పడి 1970లో మరింత కట్టుదిట్టము గావింపబడిన రెగ్యులేషను ప్రభుత్వ భూములకును వర్తించునా యనునది వివాదము. వర్తించునని, ఆ లీజులు చెల్లవని 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమున ఇరువురు తీర్పు చెప్పిరి, మూడవవారు విభేదించిరి. ఈ ఒక్క తీర్పును నెలరోజులు నిదానముగా చదివిన విద్యార్థికి ఐదవ షెడ్యూలు స్వభావమును, గవర్నరునకు అందు గల ప్రత్యేకాధికారమును, కొండక్రింది ఖనిజము కొరకు జరుగు రాజకీయమును ఏకకాలమున బోధపడును. భిన్నాభిప్రాయమును తప్పక చదివింపవలెను. ప్రతిపక్ష వాదమును బలముగా నిలిపి ఖండింప నేర్వనివాడు న్యాయమును నేర్చినవాడు కాడు.

హైదరాబాదు దాహము తీర్చుటకు నిర్మింపబడిన హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ జలాశయములకు పది కిలోమీటర్ల లోపల ఒక పరిశ్రమను అనుమతింపవచ్చునా యను వ్యాజ్యమున 1999లో తీర్పు వ్రాసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు, హాని నిరూపితమగు వరకు వేచియుండక ముందుగనే జాగరూకత వహింపవలెనను సూత్రమును విపులముగా చర్చించి, విజ్ఞానశాస్త్ర విషయములను తేల్చుటకు నిపుణులతో గూడిన న్యాయస్థానములు కావలెననిరి. పిదప వారి అధ్యక్షతన లా కమిషను 2003లో అదే సిఫారసు చేసెను. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునలు చట్టము వచ్చెను. జంటనగరముల చెరువుల వద్ద పుట్టిన ప్రశ్న ఢిల్లీలో చట్టమైన ఈ వృత్తాంతము తెలుగు విద్యార్థికి తెలియకపోవుట విచారకరము.

48ఎ అధికరణమును, 51ఎ(జి) యందలి పౌరధర్మమును వల్లించువాడు అవి అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, 42వ సవరణ ద్వారా వచ్చినవనియు, న్యాయస్థానముల అధికారమును కుదింపజూచినదియు ఆ సవరణయే ననియు గ్రహింపవలదా? అడవులను కాపాడుమని చెప్పిన చేతులే ఆ మాటను నిలబెట్టవలసిన న్యాయస్థానములను ఏల బలహీనపరచినవి? ఈ ప్రశ్నను విడిచి అధికరణముల సంఖ్యను మాత్రము నేర్పు బోధన నిర్జీవము.

గ్రంథపఠనముతో తృప్తిపడరాదు. పరిశ్రమలకు ముందుగా జరుపు ప్రజాభిప్రాయ సేకరణ సభకు విద్యార్థులను గొనిపోవలెను. షామియానా క్రింద, పోలీసు బందోబస్తు నడుమ, వందల పుటల ఇంగ్లీషు నివేదికపై తమ అభిప్రాయము చెప్పుమని రైతులను, మత్స్యకారులను అడుగుదురు. వారి చేతికి తెలుగున వచ్చునది సంగ్రహము మాత్రమే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారము కనీసము ముప్పది దినముల ముందు ప్రకటన వెలువడవలెను, కోరము అక్కరలేదు, సభను వీడియో తీయవలెను, అన్నిటికంటె ముఖ్యముగా, చివరను ప్రజల మాటల సారాంశమును స్థానిక భాషలో వారి యెదుటనే చదివి వినిపింపవలెను. ఇది తెలియక సభ ముగియకముందే ఇండ్లకు పోవువారు తాము చెప్పినది ఏమని వ్రాయబడెనో ఎరుగరు. అక్కడ చివరివరకు కూర్చుండి, విన్నదానిని వ్రాసినదానితో సరిపోల్చి విద్యార్థి వ్రాసిన నివేదికకు అంతర్గత పరీక్ష మార్కులు ఈయవలెను.

తెలుగున గ్రంథములు లేవందురేమో! 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ పుట్టినది ఉన్నత విద్యకు తెలుగు గ్రంథములు సమకూర్చుటకే. ఇట్టి తీర్పులను పదింటిని ఏరి, కఠిన పదములకు వివరణ చేర్చి, చౌక ధరకు అచ్చొత్తించుట దానికి అసాధ్యము కాదు. ఇది విద్యార్థులను రాజకీయములలోనికి దింపుట యగునని జంకువారు రాజనీతిశాస్త్రమును బోధించుటయే మానవలసియుండును.

అధ్యాపక మహాశయులారా, రాబోవు విద్యాసంవత్సరమునకు పూర్వమే మీ మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశమున ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టుడు. విద్యార్థులారా, మీ కళాశాలనుండి సంతకములతో ఒక వినతిపత్రమును ఉపకులపతికి పంపుడు. దాని ప్రతిని మీ ప్రాంత శాసనసభ్యునికిని అందజేయుడు.