విశాఖ మేయర్ మారారు సరే.. నగరం పగ్గాలు అసలు ఎవరి చేతిలో ఉన్నాయి?

గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో సీన్ మారిపోయింది. నాలుగేళ్లుగా మేయర్‌గా ఉన్న వైసీపీ నేత గొలగాని హరి వెంకట కుమారిపై కూటమి పెట్టిన అవిశ్వాసం 2025 ఏప్రిల్ 19న నెగ్గింది. అదే నెల 28న టీడీపీకి చెందిన పీలా శ్రీనివాసరావు మేయర్ కుర్చీలో కూర్చున్నారు. క్యాంపు రాజకీయాలు, విప్‌లు, కండువాలు మార్చడాలు.. కొన్ని వారాల పాటు టీవీల్లో ఇదే హడావుడి. కానీ గాజువాకలోనో, మధురవాడలోనో ఉండే సామాన్యుడి డౌట్ ఒక్కటే. మేయర్ మారితే మా వీధిలో ఏం మారుతుంది?

దానికి సమాధానం కావాలంటే ముందు ఈ కుర్చీ ఎలా చేతులు మారిందో చూడాలి.

2021 మార్చి ఎన్నికల్లో మొత్తం 98 వార్డులకు వైసీపీ 58 గెలిచింది. టీడీపీకి 30 వచ్చాయి. మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకోరు, కౌన్సిల్ సభ్యులు ఎన్నుకుంటారు. కాబట్టి అప్పట్లో వైసీపీకి లెక్క సులువైపోయింది. నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదని చట్టంలో ఉంది. ఆ గడువు 2025 మార్చిలో తీరింది. తీరగానే కూటమి కార్పొరేటర్లు కలెక్టర్‌కి నోటీసు ఇచ్చేశారు.

అవిశ్వాసం నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. అంటే 74. ఓటింగ్‌కి వైసీపీ దూరంగా ఉండగా, తీర్మానానికి పడింది సరిగ్గా 74. ఒక్క ఓటు తగ్గినా కథ అడ్డం తిరిగేది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని పాయింట్ ఒకటుంది. ఆ 74 మందిలో అందరూ కార్పొరేటర్లు కారు. నగర పరిధిలోని ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకు కూడా ఎక్స్ అఫీషియో సభ్యులుగా కౌన్సిల్‌లో ఓటు ఉంటుంది. 2024లో విశాఖలోని అసెంబ్లీ సీట్లన్నీ కూటమి ఊడ్చేసింది. ఎంపీ సీటూ వాళ్లదే. అంటే అసెంబ్లీకి, పార్లమెంటుకు వేసిన ఓటు తిరిగొచ్చి మేయర్‌ని దించడానికి కూడా పనికొచ్చిందన్నమాట. వార్డుల్లో మళ్లీ ఎన్నికే జరగలేదు, కౌన్సిల్ మాత్రం మారిపోయింది.

అసలు సిగ్నల్ అంతకుముందే వచ్చింది. 2024 ఆగస్టులో స్టాండింగ్ కమిటీ ఎన్నికలు జరిగితే పదికి పది సీట్లూ కూటమికే వెళ్లాయి. గెలిచిన లెక్క ప్రకారం కౌన్సిల్‌లో వైసీపీదే మెజారిటీ. అయినా రహస్య ఓటింగ్‌లో ఆ ఫలితం వచ్చింది. కార్పొరేటర్లు ఎటు జారుతున్నారో ఆ రోజే తెలిసిపోయింది.

స్టాండింగ్ కమిటీ అంటే చిన్న విషయమేం కాదు. కమిషనర్ తయారుచేసే బడ్జెట్ ముందు దాని టేబుల్ మీదకే వస్తుంది. పెద్ద పనులు, కాంట్రాక్టులు కూడా అంతే. ఆ తర్వాతే కౌన్సిల్‌కి. టీవీ కెమెరాలు ఉండేది కౌన్సిల్ మీటింగ్‌లో. అసలు బేరాలు తేలేది మాత్రం ఈ పది మంది గదిలో.

మరి పనులు చేయించేది ఎవరు?

కమిషనర్. ఈ పోస్టులో ఉండేది ఐఏఎస్ అధికారి, నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. బదిలీ చేసేదీ ప్రభుత్వమే. ఇంజనీర్లు, టౌన్ ప్లానింగ్ వాళ్లు, శానిటేషన్ సిబ్బంది.. అందరూ ఆయన కిందే. చట్టం ప్రకారం పాలనాధికారం కమిషనర్‌దే. మేయర్ కౌన్సిల్‌ని నడుపుతారు, తీర్మానాలు చేయిస్తారు. అంతే తప్ప కమిషనర్‌ని మార్చే పవర్ ఆయనకు లేదు. పైగా కౌన్సిల్ చేసిన తీర్మానాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆపేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు.

ఆస్తి పన్నే చూడండి. అంతకుముందు అద్దె విలువని బట్టి పన్ను వేసేవారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చి, ఆస్తి విలువని బట్టి వేసే పద్ధతి తెచ్చింది. ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదన్న లిమిట్ పెట్టినా, విశాఖలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు రోడ్డెక్కాయి. నినాదాలు జీవీఎంసీ గేటు ముందు వినిపించాయి. నిర్ణయం మాత్రం సచివాలయంలో అప్పటికే జరిగిపోయింది. ఇంటికి వచ్చే పన్ను నోటీసు మీద జీవీఎంసీ పేరుంటుంది కాబట్టి, జనం తిట్టుకునేది కార్పొరేటర్‌నే.

కొన్ని పనులైతే అసలు జీవీఎంసీ చేతిలోనే లేవు. మాస్టర్ ప్లాన్, బీచ్ రోడ్డు పార్కుల్లో చాలా వరకు వీఎంఆర్డీఏ చూస్తుంది. కరెంటు ఈపీడీసీఎల్‌ది. ట్రాఫిక్ పోలీసులది. పోర్టు కేంద్రానిది. ఒక్క విషయంలో మాత్రం విశాఖ హైదరాబాద్ కంటే మెరుగు. అక్కడ తాగునీటికి వేరే బోర్డు ఉంది. విశాఖలో కుళాయి నీళ్లు జీవీఎంసీయే ఇస్తుంది. కాబట్టి నీళ్లు రాకపోతే కార్పొరేటర్‌ని నిలదీయడంలో అర్థముంది. వీధి దీపాలు, చెత్త, డ్రైనేజీ కూడా అంతే.

ఆ నిలదీసే మనిషి కూడా లేకపోతే ఎలా ఉంటుందో విశాఖకి బాగా తెలుసు. 2007లో గెలిచిన కౌన్సిల్ గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. గడువు తీరేలోపే ఎన్నిక పెట్టాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం స్పష్టంగా చెబుతోంది. అయినా తొమ్మిదేళ్ల పాటు నగరాన్ని స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. 2013లో భీమిలి, అనకాపల్లి మున్సిపాలిటీలను జీవీఎంసీలో కలిపినప్పుడు కూడా వద్దనడానికో, సరే అనడానికో కౌన్సిల్ లేదు. ఆ తొమ్మిదేళ్లలో రాష్ట్రంలో ప్రభుత్వాలు మారాయి. ఎన్నికలు పెట్టాలన్న తొందర మాత్రం ఏ పార్టీకీ పెద్దగా కనిపించలేదు.

కొత్త మేయర్‌కి దక్కిన టైమ్ కూడా తక్కువే. అవిశ్వాసంతో కుర్చీ మారినా కౌన్సిల్ గడువు పెరగదు. 2021 మార్చిలో మొదలైన ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. అంటే పీలా శ్రీనివాసరావుకి దక్కింది ఏడాది కూడా కాదు, ఒకే ఒక్క బడ్జెట్. గడువులోపు ఎన్నికలు జరగకపోతే ఫైళ్లు మళ్లీ స్పెషల్ ఆఫీసర్ టేబుల్ మీదకే వెళ్తాయి.