డివిడెండు పట్టికలను నమ్మి మోసపోకుడు

ఉప్పల్, నాచారము పారిశ్రామికవాడలలో ముప్పదియేండ్లు యంత్రములనడుమ చెమటోడ్చి విశ్రాంతి పొందిన కార్మికునికి ప్రావిడెంటు ఫండును గ్రాట్యుటీయు వట్టి సొమ్ము కాదు, వార్ధక్యమునకు ఊతకోల. ఆ ఊతకోలపై నేడు పెక్కురి కన్ను పడినది. సబ్బులు, పేస్టులు, బిస్కత్తులు అమ్ము కంపెనీల పేర్లు పేర్చి, ప్రక్కన డివిడెండు శాతములు వ్రాసి, "ఎక్కువ శాతమున్నదానిని కొనుడు, ఇంట కూర్చుండి తినుడు" అని బోధించువారు బయలుదేరినారు. ఈ బోధను మేము ఖండించుచున్నాము.

హిందూస్థాన్ యూనిలీవర్ 2023-24 సంవత్సరమునకు వాటా ఒక్కంటికి 42 రూపాయలు పంచినది. వాటా ముఖవెల ఒక్క రూపాయి. కావున 4,200 శాతమని చాటవచ్చును! కాని 2024 మార్చి ఆఖరున దాని బజారువెల 2,260 రూపాయల ప్రాంతమున నుండెను. ఆ వెలకు కొన్నవానికి నూటికి రెండు రూపాయలైనను గిట్టలేదు. 10 లక్షలు పెట్టినవానికి నెలకు 1,550 రూపాయలు. బ్యాంకులో ఏడు శాతమునకు వేసినచో 5,800. బ్యాంకువడ్డీవలెనే డివిడెండుపైనను 2020 ఏప్రిల్ నుండి పన్నుభారము వాటాదారునిదే.

ఇక పోల్చి చూతము. అదే సంవత్సరమున డాబర్ 5.50 రూపాయలు పంచినది. ఇది బజారువెలలో ఒక శాతము ప్రాంతము. కోల్గేట్ 58 రూపాయలు పంచి రెండు శాతము దాటినది. అందు 10 రూపాయలు ప్రత్యేక డివిడెండు, మరుసటియేడు వచ్చునన్న పూచీ లేదు. ఐటీసీ 13.75 రూపాయలతో మూడు శాతము మించినది. గోధుమపిండిని, బిస్కత్తును తలచి దానిని కొన్న గృహస్థునకు, లాభములో అధికభాగము సిగరెట్టుపొగనుండి వచ్చుచున్నదని పట్టిక చెప్పునా?

మన హైదరాబాదు పాలకంపెనీ హెరిటేజ్ ఆ యేడు వాటాకు 2.50 రూపాయలు ప్రకటించినది. 2024 జూన్ ఎన్నికల ఫలితములు వెలువడగనే వాటావెల కొలదిదినములలో ఎగబ్రాకినది. డివిడెండు శాతము దిగజారినది. పాలు మారలేదు, పాడి మారలేదు. బజారు మనసు మారినది. అట్లే వెల కూలినపుడు శాతము పెరిగి కనబడును. రోగి జ్వరమును బలమని భ్రమించుట వంటిది ఇది.

"డివిడెండు ఏటేట పెరుగదా?" అందురు. పెరుగును. యూనిలీవర్ 2013-14లో పంచినది 13 రూపాయలే. ఆనాడు 600 ప్రాంతమున కొని పదేండ్లు ఓపికపట్టినవానికి 2023-24 నాటికి ఏడు శాతము గిట్టినది. ఈ న్యాయము వేచియుండగల యువకునికి చెల్లును. వచ్చే నెల మందులకును, ఇంటియద్దెకును ఆ సొమ్మే దిక్కైన అరువదియేండ్లవానికి చెల్లదు. ఇద్దరికిని ఒకే పట్టిక చూపుట అన్యాయము.

మరియొక సంగతి. యూనిలీవర్ పంచు ప్రతి రూపాయిలో సుమారు 62 పైసలు విదేశీ మాతృసంస్థకే పోవుచున్నవి. డివిడెండునకు ముందే రాయల్టీ వేరుగా పోవును. దానిని అమ్మకములలో 2.65 శాతమునుండి క్రమముగా 3.45 శాతమునకు పెంచుటకు 2023లో నిర్ణయించినారు. నెస్లే యిండియాలోను రాయల్టీని 4.5 నుండి 5.25 శాతమునకు పెంచదలచిరి; 2024 మే నెలలో వాటాదారులు ఓటు వేసి త్రోసిపుచ్చినారు. మేల్కొన్న వాటాదారుని శక్తి యిట్టిది! ఏ పట్టికలోను ఈ హక్కునకు గడి లేదు.

కావున పఠనమందిరముల కార్యకర్తలకు మా మనవి: పట్టికలను ప్రక్కనబెట్టి కంపెనీల వార్షిక నివేదికలను పదిమందికి చదివి వినిపింపుడు. లాభమెంత, అందు పంచినదెంత, మిగిల్చినదెంత, ఎవరికి పోయినదెంత — ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియనిదే కష్టార్జితమును పైసయైనను పెట్టకుడు.