విత్తుటకు ముందు వాన కొలత

రోహిణి కార్తెలో ఒక సాయంకాలము మబ్బు పట్టి, గాలి విసరి, పెద్దజల్లు కురియగానే గొఱ్ఱు కట్టుట మన నాదర్‌గుల్ ప్రాంతపు రైతులలో పెక్కండ్రకు వాడుక. మఱునాటినుండి ఎండ కాయును. పది దినములు చినుకుండదు. మొలక మాడును. రెండవమాఱు విత్తనములకై అప్పు చేయవలసివచ్చును. ఇది దైవికమని మన మూరకుండుట తగదు. ఇందు మన తొందరపాటును కలదని మా యభిప్రాయము.

వాన యెట్లు వచ్చునో కొంత యెఱుగుట మేలు. శీతలదేశములలో చల్లనిగాలియు వెచ్చనిగాలియు ఎదురుపడిన హద్దున వానలు కురియును. చల్లనిగాలి బరువుగలది గావున వెచ్చనిగాలి క్రిందికి జొచ్చి దానిని పైకెత్తును. పైకెక్కిన గాలి చల్లారగా అందలి ఆవిరి మేఘమగును. 1919 ప్రాంతమున నార్వేదేశపు శాస్త్రజ్ఞులు ఈ హద్దును యుద్ధరంగముతో పోల్చి ‘ఫ్రంటు’ అనిరి. మన దేశమున ఇట్టివి చలికాలమందు పడమటినుండి వచ్చి, హిమాలయములపై మంచును, పంజాబు గోధుమలకు వానను ఇచ్చును. దక్కనునకు వాని వెనుకటి చలిగాలియే సాధారణముగ చేరును.

మన వానల త్రోవ వేఱు. వేసవిలో ఉత్తరపు పొడిగాలియు బంగాళాఖాతపు తేమగాలియు కలిసినచోట ఉఱుములతో జల్లు పడును. ఒక్కొకప్పుడు వడగండ్లును రాలును. అది ఒక యూర కురిసి, ప్రక్కయూర కురియకపోవచ్చును. దానిని నమ్మి విత్తరాదు. నైరృతి ఋతుపవనము సాధారణముగ జూన్ 1 ప్రాంతమున కేరళమును తాకి, రెండవ వారమున మనయొద్దకు వచ్చును. ఏటి వానలో అధికభాగ మీ పవనముదే. పిదప వాయుగుండములు కలవు. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము హైదరాబాదు తూర్పుప్రాంతములను ముంచివేసిన సంగతి మన మింకను మఱువలేదు.

కావున సంఘసభ్యులకు మా సూచన యిది. సంఘపు ఆవరణలో చెట్లకు దూరముగ వానమాపక మొకటి నిలుపవలయును. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు కొలిచి, పలకపై వ్రాయవలయును. ఒక మిల్లీమీటరు వాన యనగా ఎకరమునకు ఇంచుమించు 4,000 లీటర్ల నీరు. చల్కనేలలో 50 మొదలు 60, రేగడిలో 60 మొదలు 75 మిల్లీమీటర్లు కురిసినపిదపనే వర్షాధారపు పంటలను విత్తుట క్షేమము. సంఘము విత్తనపు అప్పు నిచ్చునపుడు ఈ కొలతనే చూడవలయును. వాతావరణశాఖవారి వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారములందు వెలువడును. వానిని ఒకరు చదివి పదిమందికి వినిపింపవలయును.

‘ఆలస్యమైన అదను తప్పును’ అని కొంద ఱనవచ్చును. నిజమే. అదనును మేమును కాదనము. అయితే అదను పంచాంగమున మాత్రమే లేదు, నేలలోను కలదు. మాపకము సంఘమున నున్నను వాన మన చేనిలో కురిసెనో లేదో త్రవ్వి చూచుకొనవలయును. జానెడు లోతునకు మించి తడి దిగినచో అదను వచ్చినట్లే.

మన యూరి మైదానమున విమానము నడుపువారు గాలిని విచారింపక పైకి లేవరు. ఏడాది తిండిని మట్టిలో చల్లు రైతునకు అంతపాటి విచారణ యక్కఱలేదా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము నాలోచించి తీర్మానింప సభ్యులను కోరుచున్నాము.