సముద్రతీర విహారములు - ప్రాచీన శిథిలములు

నిజామాబాదు, బోధను ప్రాంతముల బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు మిక్కిలి తక్కువ. మనకు నీరనగా మంజీర, కందకుర్తి యొద్ద గోదావరి, పొలముల నడుమ పాఱు నిజాంసాగరు కాలువ. అందుచేత విహారయాత్ర యనగానే విద్యార్థులందఱు ఏకకంఠముగా సముద్రమునే కోరుదురు. ఆ కోరిక న్యాయమైనదే. కాని తీరమునకు పోయి యేమి చూచి వచ్చుచున్నారని మా ప్రశ్న. ఇసుకలో పరుగులు, అలలలో తడియుట, గుఱ్ఱపుస్వారి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఛాయాచిత్రములు, తిరుగు బండి. ఇంతదూరము పోయి ఇంతమాత్రమే చూచుట, గానుగ యొద్దకు పోయి రసము త్రాగక పిప్పి నమలి వచ్చుట వంటిది.

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు తీరపు బాటను చూడుడు. ఆ బాట చేరువనే తొట్లకొండ, బావికొండ యను కొండలపై బౌద్ధవిహారముల శిథిలములు కలవు. 1976లో నౌకాదళమువారు స్థలపరిశీలనము చేయుచుండగా తొట్లకొండ సంగతి బయలుపడెను. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. స్తూపములు, భిక్షువుల గదులు, భోజనశాల వెలికి వచ్చినవి. రాతిని తొలిచి వాననీరు నిలువచేసికొనిన తొట్లనుబట్టియే ఆ కొండకు ఆ పేరు. ఎదుట అంతులేని జలరాశి యున్నను అది త్రాగుటకు చుక్క నీయదు గనుక, రెండువేల యేండ్ల క్రిందటి భిక్షువులు మింటినుండి పడిన నీటినే పట్టి దాచిరి. కాలువనీటి వంతుకై రాత్రులు చేని గట్టున కాచుకొను రైతుబిడ్డలకు ఈ సంగతి ఉపన్యాసము లేకయే బోధపడును. శాతవాహనుల నాణెములతోపాటు రోమకుల వెండి నాణెములును అచ్చట దొరకినవి. ఆ నాణెము ఏ గాలికి, ఏ ఓడలో, ఏ సరకునకు మాఱుగా వచ్చెనని ఒక్క బాలుడు అడిగినను, ఆ దినపు చరిత్రపాఠము సఫలమైనట్లే.

భీమునిపట్టణములో డచ్చివారి సమాధులు కలవు. 1825లో వారు ఆ రేవును ఆంగ్లేయుల కప్పగించి పోయిరి. దారిలోని ఎఱ్ఱమట్టి దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తింపబడినవి. వీనిని చూచుటకు ఒక సాయంకాలము చాలును.

“మన బోధనులో శిథిలములు లేవా, ఇంతదూరము పోవనేల?” యని కొందఱు పెద్ద లడుగుదురు. ఉన్నవి. అశ్మకదేశపు రాజధానియగు పోదననగరము బోధనే యని చరిత్రకారులు చెప్పుదురు. దేవలు మసీదులోని స్తంభములను చూడక తొట్లకొండకు పరుగెత్తు బడి సరియైన పని చేయుట లేదు. ముందొక శనివారము బోధనునకే పోవలెను. అయినను ఆ పెద్దలు ఒక సంగతి మఱచుచున్నారు. మెట్టకును తీరమునకును నడుమ గోడ యెన్నడును లేదు. ఓరుగల్లునుండి పాలించిన గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. అంతకు ముందు గాలివానలో పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు స్వాధీనము చేసికొనెడివారు. నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదెల్ల వర్తకులకే విడిచితినని ఆయన ప్రకటించెను. మార్కోపోలో ముత్ఫిలి యని వ్రాసినది ఈ రేవునే యందురు. నేడు బాపట్ల జిల్లాలో నది యొక పల్లె. సముద్రమునకు ఎంతో దూరమున కోట కట్టుకొనిన రాజునకు పరదేశి నావికుని నష్టముపై అంత చింత యుండగా, మన బడిపిల్లలకు ఆ తీరము పరాయిది యెట్లగును?

శిథిలములు చిరకాలము మనకై నిలిచియుండునని నమ్మరాదు. పునరుద్ధరించిన తొట్లకొండ మహాస్తూపములో కొంతభాగము 2019 అక్టోబరు వానలకు కూలినది. వాన చేయునది చాలక, ఇటుకలపై పేళ్లు చెక్కు చేతులును కలవు. ఆ చేతులలో అక్షరము దిద్దించినవారము మేమే గనుక, ఈ విషయమున ఉపాధ్యాయులు పోలీసువారికంటె ముందు జవాబుదారులు.

ఇక వ్యయము మాట. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిదప చెఱకు సొమ్ముపై బ్రదికిన యిండ్ల కష్టము చదువరు లెఱిగినదే. స్థితిపరుల బిడ్డలు మూడవమాఱు సముద్రము చూడబోవుచుండగా, కూలివాని కూతురు బడి గుమ్మమున నిలిచి బండి పోవుట చూచుచుండుట మేము సహింపజాలము. అందఱు పోలేని యాత్ర మానుటయే మేలు. జూను మొదలు నెలనెలకు కొంచెముగా వసూలు చేసి, పూటకూళ్ల గదులకు మాఱుగా అచ్చటి బడులలో బస యడిగి, తక్కువపడిన సొమ్మును పూర్వవిద్యార్థుల యొద్ద చేయిచాచి తేవలెను.

ఒక హెచ్చరిక. కాలువలో ఈత నేర్చినవాడు సముద్రమును లెక్కచేయడు. వెనుకకు పోవు అల కాలిక్రింది ఇసుకను లాగికొని పోవునని వాడెఱుగడు. కావున ఉదయము కొండ, సాయంకాలము తీరము, మోకాలిలోతు దాటరాదు, పదిమంది పిల్లల కొక ఉపాధ్యాయుడు ఒడ్డున నిలిచి, చీకటి పడకముందే పేళ్లు పిలిచి లెక్క చూచుకొనవలెను.